ఖాళీ పొలానికి నలభై రూపాయల టికెట్టు: పర్లాకిమిడి పక్కన గ్రహాల తోట

ముందే చెప్పేస్తున్నాను. ఊయలలు, బోటింగు, పిల్లల రైలు కావాలనుకునేవాళ్ళు ఈ తోటకు వెళ్ళొద్దు. సూర్యుణ్ణీ గ్రహాలనూ వాటి దూరాల లెక్క ప్రకారం నేల మీద పరిచిన చోటిది, చూడాల్సిందంతా ఖాళీ నేల. మా వీధిలో ఒకాయన పెళ్ళాం పిల్లలతో వెళ్ళొచ్చి, "ఏటుందండీ అందులో? గట్ల మీద నడిపించి మనిషికి నలభై పుచ్చుకున్నారు" అని తిట్టుకున్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నేను మాత్రం ఆ నలభై ఖాళీ నేల కోసమే ఇచ్చాను, గిట్టుబాటైంది.

నేను ఒడిశా రెవెన్యూలో అమీనుగా చేసి రిటైరయ్యాను. పొలాల్లో గొలుసు లాగడం, ముళ్ళకంపల్లో హద్దు రాళ్ళు వెతకడం, అన్నదమ్ముల గట్టు తగువులు తీర్చడం, ఇదే ఉద్యోగం. ఎవరైనా "స్కేలు ప్రకారం వేశాం" అంటే నాకు వెంటనే నమ్మకం కుదరదు. అందుకే టేపు సంచిలో వేసుకుని మరీ వెళ్ళాను. మా ఆవిడ, ఆరో తరగతి చదివే మనవరాలు నాతో వచ్చారు.

పర్లాకిమిడి ఊరు దాటాక, ఆంధ్రా సరిహద్దు వైపు, జీడిమామిడి తోటలకు ఆనుకుని ఉన్న మెట్ట భూమి ఇది. పేరు బోర్డంటూ లేదు. గేటు మీద పసుపు రంగుతో ఒక గుండ్రం గీసి ఉంటుంది, అదే గుర్తు. ఆటోవాళ్ళకు తెలుసు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి పొలిమేరలో, వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళే అయిన చోట, లోపల తెలుగు బోర్డు ఒక్కటి కూడా లేదు. ఒడియా ఉంది, ఇంగ్లీషు ఉంది. ఇది నా మొదటి ఫిర్యాదు. తోట యజమాని ఇది చదివితే, తెలుగు బోర్డులకు మేటరు నేనే రాసిస్తాను, డబ్బులొద్దు.

లెక్క ఇదీ. నేల మీద ఒక మీటరంటే ఆకాశంలో పది లక్షల కిలోమీటర్లు. ఈ కొలత ఎంచుకున్నవాడికి దండం పెట్టాలి, ఎందుకంటే మనం లక్షల్లోనే లెక్కపెడతాం, కాగితం అక్కర్లేదు. సూర్యుడి వ్యాసం దాదాపు 13 లక్షల 92 వేల కిలోమీటర్లు కదా, ఇక్కడ 1.39 మీటర్లు. ఇటుకలతో కట్టి, సిమెంటు పూసి, పసుపు రంగేసిన బంతిని దిమ్మ మీద కూర్చోబెట్టారు. దాని చుట్టూ కొంతమంది ప్రదక్షిణలు చేస్తున్నారు, కింద చిల్లర కూడా వేశారు. అక్కడున్న గైడు కుర్రాడు వద్దనడం మానేశాడట.

ఆ సూర్యుడి నుంచి 58 మీటర్ల దూరంలో బుధుడు, 108 దగ్గర శుక్రుడు, 150 దగ్గర భూమి, 228 దగ్గర అంగారకుడు. కక్ష్యల్ని నేల మీద రాళ్ళతో పరిచారు. బుధుడికి తెల్లటి పలుగురాళ్ళు, శుక్రుడికి ఇటుక ముక్కలు, భూమికి ఏటి గులకరాళ్ళు, అంగారకుడికి ఎర్ర మొరం. శుక్రుడి దాకా పూర్తి వలయం ఉంది, అదొక్కటే తొమ్మిది ఎకరాలు తినేసింది. భూమి వలయం పూర్తిగా గీయాలంటే పదిహేడున్నర ఎకరాలు కావాలి, అంత భూమి తోట యజమానికి లేదు. అందుకని గులకరాళ్ళ గీత పక్కవాళ్ళ కంచె దాకా వంపు తిరిగి వెళ్ళి ఆగిపోతుంది. గురుడి వలయానికైతే 470 ఎకరాలు. జమీందారీ ఉన్న రోజుల్లో అయితే రాజావారిని అడిగి చూడొచ్చేమో.

బుధుడి వలయం దగ్గర టేపు తీశాను. ఒక పక్క సూర్యుడి నుంచి 46 మీటర్లు, సరిగ్గా ఎదురు పక్క దాదాపు 70. నా పక్కన ఉన్న కాలేజీ కుర్రాళ్ళు "వంకరగా వేశార్రా" అని నవ్వుకున్నారు. వంకర కాదు, అదే అసలు పనితనం. బుధుడు సూర్యుడికి ఒకసారి 4 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దగ్గరికొస్తాడు, ఒకసారి దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరం పోతాడు. సూర్యుణ్ణి వలయం నడిమధ్యలో కాకుండా పన్నెండు మీటర్లు పక్కకు పెట్టడం చూసి ఇది ఎవరో కొలిచి వేసిన పనే అని నాకు నమ్మకం కుదిరింది.

గ్రహాల బొమ్మలు మాత్రం వెతుక్కోవాలి. బుధుడు 5 మిల్లీమీటర్లు ఉండడు. భూమి 13 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నడుమెత్తు రాతి స్తంభం మీద అద్దం మూత కింద పూసలా ఉంటుంది. లోపలి గ్రహాల పూసలన్నీ పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళ చేత చేయించారు. మన ఊరి కొమ్ము దువ్వెనలు, కొంగ బొమ్మలు చూసినవాళ్ళకు ఆ నునుపు తెలుస్తుంది. అంగారకుడి పూసకు కొమ్ములోనే సహజంగా ఉన్న ఎర్రటి చార పైకి వచ్చేలా చెక్కారు. ఇంత చక్కటి పని మీద అద్దం మూతలు మసకబారి ఉన్నాయి. రోజుకోసారి గుడ్డ పెట్టి తుడిస్తే ఏం పోతుంది?

ఇక ఈ తోటలో నాకు అన్నిటికంటే నచ్చింది భూమి స్తంభం దగ్గరిది. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతున్నారు. అక్కడ పూస పక్కనే ఒక ఇనప రేకు, దానికి సూది బెజ్జం. రేకుకు 38 సెంటీమీటర్ల ముందు రాగి తీగ మీద మూడున్నర మిల్లీమీటర్ల చంద్రుడు. వంగి, ఒక కన్ను మూసి, బెజ్జంలోంచి సూర్యుడి వైపు చూడాలి. ఇటుక బంతి వైపే సుమా, పైనున్న సూర్యుడి వైపు కాదు. 150 మీటర్ల అవతల ఉన్న ఆ పసుపు బంతి కందిగింజంత కనిపిస్తుంది. కుర్రాడు తీగను మెల్లగా తిప్పి చంద్రుణ్ణి అడ్డం తెస్తాడు. బంతి మొత్తం మూసుకుపోయి అంచున సన్నటి పసుపు గీత గుండ్రంగా మిగిలింది.

"ఇది కంకణ గ్రహణం తాతగారు. ఇప్పుడు చూడండి" అని తీగ మీద పూసను రెండు సెంటీమీటర్లు నా వైపు జరిపాడు. ఆ గీత కూడా మాయం. చంద్రుడు ఎప్పుడూ ఒకే దూరంలో ఉండడు, దాదాపు 3 లక్షల 63 వేల కిలోమీటర్ల దగ్గరికి కూడా వస్తాడు. అప్పుడు పడితే సంపూర్ణ గ్రహణం. ఈ సంగతి పుస్తకాల్లో చదివినవాళ్ళే అందరూ. రెండు సెంటీమీటర్ల తేడాతో కంటి ముందు జరగడం వేరు. సర్వేలో లంబకోణం పట్టే క్రాస్ స్టాఫు బెజ్జంలోంచి జెండా కర్ర చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ నచ్చి ఉండొచ్చు. మనవరాలు ఆ బెజ్జం వదలనంది, వెనక లైను పెరిగిపోయింది.

మా ఆవిడ అక్కడే అసలు ప్రశ్న అడిగింది. "బాబూ, నవగ్రహాలన్నావు, రాహుకేతువులు ఏవి?" కుర్రాడు తడుముకోలేదు. చంద్రుడు తిరిగే రాగి తీగ వలయం నేలకు సమాంతరంగా ఉండదు, ఐదు డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వలయం ఒక చోట భూమి కక్ష్య తలాన్ని దాటి పైకెక్కుతుంది, ఎదురుగా ఇంకో చోట దాటి కిందకు దిగుతుంది. ఆ రెండు చోట్లా ఎర్ర దారం కట్టి ఉంది. "ఇది రాహువు, అది కేతువు అమ్మమ్మా. చంద్రుడు ఈ దారం దగ్గరున్నప్పుడు అమావాస్య పడితేనే సూర్యగ్రహణం, లేకపోతే పైనుంచో కిందనుంచో పోతాడు." ఆవిడ రెండు దారాలకూ వేలు తాకించి కళ్ళకద్దుకుంది. ఇద్దరికీ తృప్తే.

ఇప్పుడు తిట్లు. అంగారకుడు దాటాక కంచె బయట కౌలుకు తీసుకున్న చేను ఒకటుంది. 330 మీటర్ల నుంచి 480 దాకా గ్రహశకలాల పట్టీ అని చెప్పి ట్రాక్టర్ల కొద్దీ కంకర పోయించారు. ఇది శుద్ధ తప్పు. అక్కడున్న శకలాల్లో అన్నిటికంటే పెద్దది సెరిస్, దాని వ్యాసం 940 కిలోమీటర్లు, అంటే ఈ స్కేలులో మిల్లీమీటరు కూడా రాదు. పట్టీలో ఉన్నదంతా పోగేసినా చంద్రుడి బరువులో నూటికి మూడో నాలుగో వంతులు. అంటే చేనంతటికీ ఒక చిటికెడు ఇసుక చల్లి, "వెతుక్కోండి" అని ఊరుకోవాలి. అంతరిక్ష నౌకలు దాన్ని దాటి నిక్షేపంగా పోవడానికి కారణం కూడా అదే. కంకర చూసిన పిల్లలు మాత్రం రాకెట్టు రాళ్ళ మధ్య వంకర్లు తిరుగుతూ పోవాలేమో అనుకుని ఇంటికెళ్తారు. పైగా దొరికిన కంకరతో జీడిచెట్ల మీదకి రాళ్ళు విసురుతున్నారు.

దీనికంటే ఘోరం ఫోటో శని. క్యాంటీను పక్కన మీటరు పైన వెడల్పున్న ఫైబర్ శని గ్రహం, చుట్టూ రంగు లైట్లు. తోటలో జనమంతా అక్కడే. అసలు శని 1.43 కిలోమీటర్ల దూరంలో చెరువు గట్టు మీద ఉంది. బంతి 12 సెంటీమీటర్లు, వలయాలతో కలిపితే 28. రాతిలో చాలా ఓపిగ్గా చెక్కిన బొమ్మ. అక్కడికి వెళ్ళేది పదిమందిలో ఒకరు. యజమానిని అడిగితే, "ఆ ఫోటోల డబ్బుతోనే మిగతాది నడుస్తోంది" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ స్కేలు పాటించే చోట స్కేలు లేని బొమ్మ పెట్టేటప్పుడు దాని మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోటో దిగుదామా అని మనవరాలు పిలిస్తే మా ఆవిడ, "ఏలినాటి శని వదిలి ఏడాది కాలేదు, కావాలని మళ్ళీ పక్కన నిలబడనా?" అని కొంగు సర్దుకుని అవతలకి పోయింది.

అమీను ఉద్యోగం చేసినవాడిగా నాకు తోచిన మాట. ఎక్కడ ఖాళీ జాగా కనిపించినా మనవాళ్ళు ఆగలేరు, ఓ కొట్టమో బడ్డీయో వెలుస్తుంది. ఇక్కడ కూడా అదే మొదలైంది. కంకర, ఫైబర్ శని, భూమికీ అంగారకుడికీ మధ్య కొత్తగా లేచిన కొబ్బరిబొండాల పాక, అన్నీ ఆక్రమణలే. బడి పుస్తకాల్లో గ్రహాలన్నీ పక్కపక్కన కూర్చుని ఉంటాయి, ఎందుకంటే పేజీకి వేరే దారి లేదు. ముప్ఫై సెంటీమీటర్ల కాగితంలో నెప్ట్యూన్ దాకా సరైన దూరాలతో పట్టించాలంటే సూర్యుడే వెంట్రుక మందాన మిగులుతాడు. పుస్తకం చూపించలేని ఆ ఖాళీని చూపించడానికే కదా ఇంత నేల కౌలుకు తీసుకున్నది.

సూర్యుడి నుంచి భూమి దాకా అడుగుకొకటి చొప్పున ఇటుకలు పాతిన బాట మాత్రం చక్కటి ఆలోచన. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఈ నేల మీద సెకనుకు ముప్ఫై సెంటీమీటర్లు, అంటే మన అడుగు. కుర్రాడు సెకనుకోసారి చిడత కొడతాడు, చిడతకొక ఇటుక దాటాలి. మా మనవరాలు ఉత్సాహంగా మొదలెట్టింది. బుధుడు వచ్చేసరికే మూడు నిమిషాలు దాటింది, శుక్రుడి దగ్గర మొహం మాడ్చేసింది. "తాతయ్యా, వెలుగు ఇంత మెల్లగా నడుస్తుందా?" భూమి చేరడానికి ఎనిమిది నిమిషాల పైనే పట్టింది. నెప్ట్యూన్ దాకా ఇలాగే వెళ్ళాలంటే నాలుగు గంటలు పడుతుందని చెబితే కుర్రాడి చేతిలోంచి చిడతలు లాక్కుంది.

ఈ 15 కోట్ల కిలోమీటర్లను మనుషులు ఎలా కొలిచారో తోటలో ఎక్కడా లేదు. అది పెద్ద లోటు. గేటు దగ్గర పఠాణి సామంత వాడిన మానయంత్రం నమూనా పెట్టారు, కోణాలు కొలిచే టీ ఆకారం కర్ర. మంచిదే. పఠాణి సామంత అంటే 1835లో ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన సామంత చంద్రశేఖరుడే, ఆయన దూరదర్శిని లేకుండా వెదురు, కర్ర పరికరాలతో గ్రహాలను కొలిచాడు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. ఆయన లెక్కలో మిగతా గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడేమో భూమి చుట్టూ తిరుగుతాయి. ఒడిశా గర్వపడాల్సిన మనిషి. అయితే ఆ పక్కనే మన విశాఖపట్నం అంకితం వెంకట నరసింగరావుగారికి కూడా ఒక రాయి వెయ్యొచ్చు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖలోని వేధశాల నుంచి ఆయన పరిశీలించారు. ఆ రోజుల్లో సూర్యుడి దూరం తేల్చింది ముఖ్యంగా ఆ దాట్లతోనే. దూరదూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు బింబం మీద వేర్వేరు గీతల్లో దాటుతాడు, ఆ తేడా నుంచి కోణం, కోణం నుంచి దూరం. ఏటి అవతలి చెట్టు దూరాన్ని ఏరు దాటకుండా మేం తేల్చేదీ ఇలాగే, ఇవతల కొలిచిన గీత ఒకటి, అంటే బేస్‌లైను, వేసుకుని. మొన్న 2012లో దాటింది, మళ్ళీ 2117లో. శుక్రుడి వలయం దగ్గర ఈ కథ చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు?

గురుడి దగ్గర్నుంచి సైకిలు తీసుకోవాలి, అద్దె యాభై. 778 మీటర్ల దగ్గర 14 సెంటీమీటర్ల రాతి గురుడు, తర్వాత చెరువు గట్టు శని, తర్వాత ఉలవ చేలు. యురేనస్ రాయి 2,870 మీటర్ల దగ్గర ఉండాలి. ఇరవై మీటర్లు ఇవతలే కనిపించింది. విచారిస్తే, తన గట్టు మీద పాతారని ఆ రైతు పీకి పక్క పోరంబోకులో పాతేశాడట. తోటవాళ్ళు ఇంకా గొణుక్కుంటున్నారు. నా తీర్పు రైతు పక్షమే. యురేనస్ అసలుగానే సూర్యుడికి ఒకప్పుడు 2,735 మీటర్ల దగ్గరికి వచ్చి, ఇంకోప్పుడు 3,000 దాటి పోతుంది. రైతు పాతిన చోటు కూడా దాని కక్ష్యలోనే ఉంది. కొత్త రాయికి సున్నం వేసి వదిలేయండి.

నెప్ట్యూన్ 4.5 కిలోమీటర్ల దగ్గర. అప్పటికి రాష్ట్రం మారిపోతుంది. సూర్యుడు ఒడిశాలో, నెప్ట్యూన్ శ్రీకాకుళం జిల్లాలో, టీకొట్టు వెనక వేపచెట్టు కింద. కొట్టాయన దాని మీద గ్లాసులు ఆరబెడుతున్నాడు. "ప్లూటో ఏదయ్యా" అని అడిగితే, "2006లో తీసేశార్టండి, మరో రాయి ఖర్చు తప్పింది" అన్నాడు. తోటవాళ్ళు చెప్పిన మాటే. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక ఈ లెక్కలో ఇప్పుడు సూర్యుడికి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మన సూర్యుడి తర్వాత అతి దగ్గర నక్షత్రం 40 వేల కిలోమీటర్లు, అంటే టీకొట్టు నుంచి ముక్కుసూటిగా బయలుదేరి భూగోళం చుట్టేసి వెనక్కి రావాలి.

ఇలాంటివి వేరే దేశాల్లోనూ ఉన్నాయి. స్వీడన్‌లో స్టాక్‌హోం నగరంలోని గుండ్రటి స్టేడియాన్ని సూర్యుడిగా పెట్టుకుని రెండు కోట్ల వంతు స్కేలులో దేశమంతా గ్రహాలు పరిచారు. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో 1971 నాటి రెండు మీటర్ల కంచు సూర్యుడుంటే, 2004లో ఇంకో కళాకారుడు దానికి తగ్గ దూరాల్లో ఊరంతా గ్రహాలు పెట్టి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. జనమే వెతికి పట్టుకున్నారు. ఆ చోట్లు నేను చూడలేదు, చదివినవే. వాళ్ళు లోహం, కాంక్రీటు, భవనాలు వాడారు. మనవాళ్ళది మట్టి, రాయి, కొమ్ము. వానాకాలం ఉలవలు, గోగు మొలిచి వలయాలన్నీ కప్పుకుపోతాయి, కోత అయ్యాక మళ్ళీ రాళ్ళు సర్దుతారు. ప్రతి ఏడాదీ గొలుసు వేసి సర్దాల్సిందే. సర్దేటప్పుడు పిలిస్తే వస్తానని చెప్పి వచ్చాను.

సౌకర్యాల సంగతి. ఒకే మరుగుదొడ్డి, అందులో నీళ్ళు బకెట్టుతో మోసుకెళ్ళాలి. ఆడవాళ్ళకు కష్టం. నీడ బొత్తిగా లేదు, గొడుగు తప్పనిసరి. నాకిచ్చిన సైకిలు చైను శని దాటాక రెండు మాట్లు ఊడింది, బయలుదేరే ముందు తొక్కి చూసుకోండి. క్యాంటీనులో బరా, ఘుగుని వేడిగా బాగున్నాయి, చోడి అంబలి ఇంకా బాగుంది. పిల్లలకు టికెట్టు ఇరవై. ఐదుకి నాలుగు మార్కులిస్తున్నాను. కంకర తీసేస్తే నాలుగున్నర.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో, పొద్దున్న ఎనిమిది లోపల చేరుకోండి. గ్రహణం బెజ్జం దగ్గర అప్పుడే లైను ఉండదు, ఇటుక సూర్యుడి మీద ఎండ మీ వైపు నుంచి పడుతుంది కాబట్టి బంతి స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రమైతే అది నీడలో పడి మసగ్గా ఉంటుంది. గైడు కుర్రాణ్ణి రాగి తీగ జరపమని మీరే అడగాలి, అడగనివాళ్ళకు ఒక్క కంకణ గ్రహణమే చూపించి పంపేస్తున్నాడు.